మాంసపు ఎరుపునకు ఆయుర్దాయమెంత?

ఆదివారము ఉదయమున దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ వీధులలోని మాంసపు దుకాణములలో మేకమాంసము ఎర్రగాను, కోడి రొమ్ముమాంసము తెల్లగాను కనిపించును. ఆ ఎరుపు నెత్తురుదని చాలమంది తలంతురు. కాదు, అందు అధికభాగము మయోగ్లోబిన్ అను మాంసకృత్తుది. కండరములో ఆమ్లజనిని పట్టి నిలువయుంచునది అదియే. స్వీడన్ దేశీయుడు థియోరెల్ 1932లో దీనిని స్ఫటికరూపమున వేరుచేసెను.

దుకాణములో వ్రేలాడు మాంసములో క్రొత్త మయోగ్లోబిన్ ఇక పుట్టదు. బ్రతికియున్న జంతువులో మాటేమి? మొదటి ఎరుపే కడవరకు నిలుచునా, పాతది పోయి క్రొత్తది వచ్చుచుండునా? ఈ ప్రశ్నకు త్రోవచూపిన కథ ఒక పూటకూళ్ళ ఇంట మొదలైనదని చెప్పుదురు.

1911లో మాంచెస్టరులో రూథర్‌ఫర్డు వద్ద పనిచేయుచుండిన హంగేరీయుడు జార్జి హెవెసీకి తన పూటకూళ్ళమ్మపై అనుమానము కలిగెను. ఆదివారము మిగిలిన మాంసమునే వేషము మార్చి వారమంతయు వడ్డించుచున్నదని! ఆమె ఒప్పుకొనలేదు. ఒకనాడు ఆయన పళ్ళెములో మిగిలినదానిపై రవ్వంత రేడియోధార్మిక పదార్థము చల్లెను. తరువాత వచ్చిన వంటకమును విద్యుద్దర్శినితో పరీక్షింపగా గుట్టు బయటపడెను.

శరీరములోని వంటయు ఇట్టిదే. 1935లో కోపెన్‌హాగెనులో హెవెసీ, చీవిట్జ్‌తో కలసి ఎలుకలకు రేడియోభాస్వరమిచ్చి, ఎముకలోని భాస్వరము సైతము నిరంతరము మారుచుండునని చూపెను. 1946లో అమెరికాలో షెమిన్, రిటెన్‌బర్గులు భారనత్రజని గల గ్లైసీనుతో మనుష్యుని ఎర్రకణము సుమారు 120 రోజులు జీవించునని తేల్చిరి. ఆ గ్లైసీనును మ్రింగినది షెమినే!

కండరపు లెక్క ఇంత సులభము కాదు. ఎర్రకణములోని హిమోగ్లోబిన్ కణముతోనే పోవును. కండరములోనో, కణము నిలిచియుండగనే లోపలి అణువులు విడివిడిగా మారును. పైగా విరిగిన అణువులోని ఇనుమును శరీరము పారవేయదు. ఆ పూటకూళ్ళమ్మవలెనే మరల వాడుకొనును. కావున గుర్తుపెట్టిన ఇనుము కనబడినంతమాత్రమున పాత అణువే బ్రతికియున్నదనుటకు వీలులేదు. 1960లో హెవెసీ, థియోరెల్, మరియిద్దరు సహచరులు మయోగ్లోబిన్ ఆయుర్దాయమును గూర్చియే ఒక పరిశోధనపత్రము ప్రకటించిరి. అప్పటికి హెవెసీ వయస్సు 75 ఏండ్లు.

గుట్టు విప్పు వికిరణమే మోతాదు మించిన కీడు చేయును. 1942 ప్రాంతమున హెవెసీ, ఆయిలర్‌తో కలసి, ఎక్స్ కిరణములు సోకిన ఎలుకల కంతులలో డి.ఎన్.ఏ. తయారీ తగ్గుట గమనించెను. నిత్యము విభజన చెందు ఎముకల మూలుగ ముందుగా దెబ్బతినును. క్రొత్త ఎర్రకణముల రాక తగ్గి మనిషి పాలిపోవును. అరుదుగా విభజన చెందు కండరము అంతకన్న ఎక్కువ తట్టుకొనును.