పన్నెండు మెట్ల కిన్నెర

పాలమూరు సీమ పేరు చెప్పగానే పెద్దలకు మొదట జ్ఞప్తికి వచ్చునవి సంస్థానములు. కృష్ణా తుంగభద్రల నడుమనున్న గద్వాలకు విద్వద్గద్వాల యను ప్రశస్తి కలిగినది. నది కీవలి యొడ్డున ఆత్మకూరు అమరచింత సంస్థానమునకు రాజధానిగా నుండెను. వనపర్తి, జటప్రోలు ప్రభువులును విద్యాపోషణలో వెనుకబడలేదు. వార్షికములు గొనుటకును, అవధానములు చేయుటకును దూరప్రాంతముల పండితులు ఎడ్లబండ్లపై ఈ ఊళ్లకు వచ్చెడివారు. తిరుపతి వేంకట కవులు సైతము ఈ త్రోవలను త్రొక్కినవారే.

తెలంగాణమున కవులు లేరను మాట పుట్టినప్పుడు, ఈ సీమ బిడ్డయే యైన సురవరము ప్రతాపరెడ్డి 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించి 354 మంది కవులను లోకము ఎదుట నిలిపెను. అది గొప్ప సమాధానము. అయినను అట్టి సంచికలో చేరుటకు కవికి అక్షరము రావలెను, కవిత కాగితమున కెక్కవలెను. ఇదే సీమలో కాగితము నెరుగని కవిత్వ మొకటి ఆస్థానముల గడప నెక్కకయే తరతరములు నడచినది. దానికి తాళపత్రము కంఠము. దానికి తోడు కిన్నెర. ఈ ప్రసంగమున మేము చెప్పబూనినది ఆ రెండవ పరంపర కథ.

కిన్నెర నిన్నమొన్నటి వాద్యము కాదు. పదుమూడవ శతాబ్దిలో శార్ఙ్గదేవుడు రచించిన సంగీతరత్నాకరమున కిన్నరీ వీణా భేదములు వర్ణింపబడినవి. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున కిన్నర బ్రహ్మయ్య యను భక్తుని కథ చెప్పినాడు. వాద్యమే ఆ భక్తుని పేరిట చేరినది. శాస్త్రగ్రంథములలో ఇంత గౌరవ మందిన వాద్యము కాలక్రమమున సభలను వీడి ఊరి వెలుపలి గుడిసెలకు చేరినది. వీణ సభలో నిలిచెను, కిన్నెర వీధిలో నిలిచెను.

దాని నిర్మాణము చూడ ముచ్చటైనది. వెదురుబొంగు దండి, దాని క్రింద ఎండిన సొరబుర్రలు, దండిపై తేనెమైనముతో అదికిన మెట్లు, మెట్లమీదుగా లోహపు తీగలు. సింగారమునకు నెమలి పింఛములు, పూసలు, అద్దపు బిళ్లలు. ఇందు చాల భాగము చేనును అడవియును ఇచ్చునవే. మెట్టు ఇసుమంత జరిగినను స్వరము తప్పును. కావున కిన్నెరగాడు వాయించుట యొక్కటియే గాక, చేయుటయు బాగుచేయుటయు నేర్వవలెను.

ఈ విద్య డక్కలి వారి సొత్తు. వీరు మాదిగలకు ఆశ్రితులు. జాంబపురాణమును, కుల గోత్రముల పుట్టుకలను చెప్పి, వారిచ్చు త్యాగముతో జీవించువారు. అంటరానివారని ఊరు దూరముంచిన జనులకు చరిత్రకారులైనవారు వీరు. అయినను వీరి స్థానము అంతకంటెను దూరము. కులక్రమమున ఇంత క్రిందనున్నవారి చేతిలో ఇంత పురాతనమైన వాద్యము నిలిచినదనుట మనము ఆలోచింపదగిన విషయము.

పాలమూరు కిన్నెర పలికిన కథలలో ప్రసిద్ధమైనది పండుగ సాయన్న కథ. నిజాము కాలమున, పందొమ్మిదవ శతాబ్దిలో, ధనికుల గాదెలు కొల్లగొట్టి పేదలకు పంచినాడని ఈ సీమ అతనిని తలచుకొనును. సర్కారు దస్త్రములకు అతడు బందిపోటు. పాట విన్నవారికి అతడు వీరుడు. మియాసాబు వీరగాథయు ఇట్టిదే. గాయకుడొక చరణము పాడి నిలుపును. వెంటనే కిన్నెర ఆ మాటనే తీగపై మరల చెప్పును. విన్నవాడు ఊకొట్టినంతసేపు కథ సాగును. రాజులు వార్షికము లిచ్చి పోషించిన ప్రబంధములను ఇప్పుడు తెరచి చూచువారు కొలదిమంది. ఏ వార్షికమును లేని సాయన్న కథ మాత్రము నేటికిని బ్రతికి యున్నది. తమ తాతల కడుపునింపిన వాని కథను జనము మరువలేదు.

ఈ పరంపరలో లోకము గుర్తించిన కళాకారుడు దర్శనము మొగిలయ్య. నాగర్‌కర్నూలు జిల్లా లింగాల మండలములోని అవుసలికుంట ఆయన ఊరు. ఆయనకు సంగీతపు బడి లేదు. స్వరము వ్రాసిన పుస్తకము లేదు. తండ్రి చేతివ్రేళ్లు తొలి పాఠము, వాకిట కూర్చున్న శ్రోతల ముఖములు మలి పాఠము. ఎచట కథ సాగదీయవలెనో, ఎచట కిన్నెర పలికింపవలెనో ఇట్టి గాయకునకు నేర్పునది ఆ శ్రోతలే. పన్నెండు మెట్ల కిన్నెరను భుజమున వేసికొని ఊరూర తిరుగుట ఆయన వృత్తికి ఆరంభము. సినిమాయు, టెలివిజనును వచ్చి వాకిళ్లు ఖాళీయైన పిదప ఆ తిరుగుట కడుపు నింపలేదు. యాచించియు, కూలి చేసియు సంసారము నీడ్చినాడు. తెలంగాణ రాష్ట్రము 2014లో ఏర్పడిన తరువాత ఆయన కళకు గుర్తింపు వచ్చి, బడిపిల్లల పాఠ్యపుస్తకమున సైతము చోటు దొరకినది.

2021 సెప్టెంబరు 2వ తేదీన భీమ్లా నాయక్ చిత్రపు శీర్షిక గీతము వెలువడినది. దాని తొలి పలుకులు మొగిలయ్య కంఠమున, కిన్నెర తోడుగా వినిపించినవి. సంగీతము కూర్చినవాడు తమన్. ఆయన విద్యారంభము వేరు త్రోవది. ఆయన తాత చిత్రనిర్మాత ఘంటసాల బలరామయ్య. తండ్రి సినిమా వాద్యబృందములలో డ్రమ్ములు వాయించినవాడు. తాళము తండ్రి నుండి పొంది, 2003లో బాయ్స్ చిత్రమున నటించి, 2009లో కిక్ చిత్రముతో సంగీత దర్శకుడుగా పేరు తెచ్చుకొన్నాడు. తండ్రి చేతినుండి నాదమును పొందిన ఇరువురు, ఒకడు గుడిసె నుండి, ఒకడు స్టూడియో నుండి వచ్చి ఒక పాటలో కలిసిరి.

పాతనాదపు తునకను తెచ్చి కొత్త తాళమునకు అతుకు ఈ విద్య అమెరికా హిప్ హాప్ సంగీతమున ప్రసిద్ధము. దాని పుట్టుకయు పేదల వాడలోనే. జమైకా నుండి 1967లో న్యూయార్కు చేరిన క్లైవ్ క్యాంప్‌బెల్, కూల్ హెర్క్ అను పేరుతో, 1973 ఆగస్టు 11న బ్రాంక్స్ పేటలో చెల్లెలి వేడుకకు రికార్డులు వేసినాడు. స్వదేశపు వీధులలో పెద్ద ధ్వనిపెట్టెల పక్క నిలిచి పాటపై మాటలు పలుకువారిని బాల్యమున చూచినవా డతడు. రికార్డులో డ్రమ్ములు మాత్రమే మ్రోగు చిన్న భాగమున జనము మిక్కిలి ఉత్సాహముతో ఆడుట గమనించి, ఒకే రికార్డు ప్రతులు రెంటిని రెండు యంత్రములపై నుంచి, ఆ భాగమునే మరల మరల మ్రోగించినాడు. అక్కడ రికార్డే వాద్యమైనది.

కాని ఆ చరిత్రలో ఒక చేదు కలదు. 1970లో వెలువడిన జేమ్స్ బ్రౌన్ పాట ఫంకీ డ్రమ్మర్‌లో క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ వాయించిన కొలది క్షణముల తాళమును తరువాతివారు లెక్కలేనన్ని పాటలలో వాడుకొనిరి. ఆ వాడుకకు ఆయనకు దక్కవలసిన రాయల్టీ దక్కలేదు. తునక లోకమంతయు తిరిగినది. దానిని వాయించిన మనిషి ఉన్నచోటనే ఉండిపోయినాడు.

మొగిలయ్య విషయమున మర్యాద జరిగినది. 2022లో పద్మశ్రీ వచ్చినది; రాష్ట్ర ప్రభుత్వము కోటి రూపాయలును, ఇంటిస్థలమును ప్రకటించినది. అయినను 2024లో ఆయన హైదరాబాదు చేరువ తుర్కయంజాలులో కట్టడపు పనిలో దినకూలిగా కనబడిన వార్త పత్రికలలో వచ్చినది. బిరుదు ఒకనాటి సన్మానము. పోషణ ప్రతిదినపు పని. సంస్థానములు 1949లో జాగీరుల రద్దుతో అస్తమించినవి. వాటి లోపములు అనేకము. అయినను కవికి ఏటేట వార్షికము ముట్టవలెనన్న సంగతి ఆ ప్రభువులకు తెలిసియుండెను. కిన్నెరకు అట్టి ఏర్పాటు నాడును లేదు, నేడును కుదురలేదు.

ధ్వనితో పని చేయు మాబోటివారికి ఇందు ఒక కర్తవ్యము కనబడుచున్నది. పాట మొదట నాలుగు చరణములు వినిపించుటతో కిన్నెర రక్షింపబడదు. సాయన్న కథ మొదటినుండి చివరివరకు, శ్రోతల ఊకొట్టుతో సహా, నిలుపవలెను. మైనము కరగించుట, మెట్టు నిలుపుట నేర్పు గురువునకు నెలజీతము, నేర్చు పిల్లవానికి అన్నము ఏర్పరుపవలెను. సురవరము వారే 1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో రాజుల యుద్ధములను తగ్గించి, సామాన్యుల బ్రతుకునకు పెద్దపీట వేసిరి. ఆ దృష్టితో ఇంకొక జాబితా వ్రాయదగియున్నది. ఆత్మకూరు మొదలు అవుసలికుంట వరకు ఏ యూర ఎవరింట కిన్నెర వ్రేలాడుచున్నదో, ఎవరికి ఏ కథ వచ్చునో అందుండవలెను. కథ వచ్చినవారు ఉన్నప్పుడే దానిని వ్రాయవలెను.