సెల్లె: దూలాల మీద రాసినవీ, రాయనివీ

ఇంగ్లండులో కాపురముంటున్న మనకు జార్జి రాజులు ఎక్కడో ఒకచోట తగులుతూనే ఉంటారు, పిల్లల పాఠాల్లోనో, వీధుల పేర్లలోనో. ఆ వంశం వచ్చింది ఉత్తర జర్మనీ నుంచి. మొదటి జార్జి భార్య పుట్టిల్లు చూద్దామని నేను సెల్లె వెళ్ళాను.

హానోవర్‌కు ఈశాన్యాన సుమారు నలభై కిలోమీటర్ల దూరంలో, ఆలర్ నది ఒడ్డున ఉన్న ఊరది. 1433 నుంచి 1705 వరకు ల్యూనెబర్గ్ డ్యూకులు ఇక్కడే ఉండి పాలించారు. దొర నివాసముండే ఇలాంటి ఊరిని జర్మన్లు 'రెసిడెన్స్ ష్టాట్' అంటారు. మన మాటల్లో సంస్థానాధీశుడి ఊరు అనుకోండి. కోటలో 1670లలో కట్టించిన చిన్న నాటకశాలలో ఇప్పటికీ నాటకాలు ఆడుతున్నారు.

ఊరికి అసలు అందం కోట కాదు, ఇళ్ళు. చెక్క చట్రాల మధ్య ఇటుకలు పేర్చి కట్టినవి నాలుగు వందలకు పైగా మిగిలాయి. పై అంతస్తులు వీధి మీదకి ముందుకు వంగి ఉంటాయి. దూలాల మీద కట్టిన సంవత్సరం, యజమాని పేరు, దేవుడి మాటలు చెక్కారు. 1532 నాటి హోపెనర్ ఇంటి మీదైతే వింత వింత బొమ్మలు. మెడ నొప్పి పుట్టేదాకా చూశాను.

ఇక ఆ రాణి కథ. సోఫియా డొరొతియా 1666లో ఇక్కడ పుట్టింది. పదహారో ఏట, 1682లో, పినతండ్రి కొడుకు జార్జికిచ్చి పెళ్ళి చేశారు. ఆయనకు వేరే స్త్రీలుండటం ఎవరికీ తప్పుగా తోచలేదు. ఆమె ఒక స్వీడిష్ కౌంటును ప్రేమించింది. 1694లో ఆ కౌంటు మాయమైపోయాడు. ఆమెకు విడాకులిచ్చి ఆల్డెన్ అనే పల్లెలో బంధించారు. భర్త 1714లో బ్రిటన్‌కు రాజయ్యాడు. ఆమె 1726లో చనిపోయేదాకా అక్కడే ఉంది, పిల్లల్ని మళ్ళీ చూడలేదు. ఆ కొడుకే రెండో జార్జి. ఆమె శవపేటిక సెల్లె చర్చి నేలమాళిగలో ఉంది. అక్కడే ఇంకొక పేటిక: మూడో జార్జి చెల్లెలు కరోలిన్ మటిల్డా. డెన్మార్క్ రాణిగా ఉండి, దాదాపు అలాంటి నేరానికే 1772లో ఇక్కడికి పంపబడి, 1775లో ఇరవైమూడేళ్ళకే పోయింది.

ఊరు ఇంత చెక్కుచెదరకుండా ఎలా మిగిలిందంటే, 1945 ఏప్రిల్ 12న బ్రిటిష్ సైన్యానికి పోరాడకుండా లొంగిపోయింది కాబట్టి. అంతకు నాలుగు రోజుల ముందు అమెరికన్ విమానాలు ఇక్కడి రైల్వే యార్డు మీద బాంబులు వేశాయి. అక్కడ ఆగి ఉన్న రైల్లో మూడు వేలకు పైగా నిర్బంధ శిబిరాల ఖైదీలున్నారు. వందలమంది చచ్చిపోయారు. తప్పించుకుని అడవిలోకి పరుగెత్తిన వాళ్ళను ఎస్.ఎస్. వాళ్ళు, సైనికులు, పోలీసులు వెంటాడి కాల్చారు. వాళ్ళతోపాటు మామూలు ఊరివాళ్ళు కూడా. అలా చంపబడినవాళ్ళు కనీసం 170 మంది.

ఎవరు ఏ ఏడాది ఇల్లు కట్టారో దూలం మీద చెక్కించుకున్న ఊరు, ఈ సంగతికి స్మారకం పెట్టింది 1992లో. పెద్ద శిల్పమేమీ కాదు, స్టేషనుకూ పాత ఊరికీ మధ్యనున్న పార్కులో ఒక బీచ్ చెట్టు. రైలు దిగి నడిచే వెళ్ళండి. ఇళ్ళకంటే ముందు అదే వస్తుంది.