కర్మాగారపు స్విచ్చిలో కనిపించని రూటర్లు

బెంగళూరు నగరానికి వాయవ్య దిశలో, తుమకూరు రహదారి వెంబడి పీణ్య పారిశ్రామిక వాడ ఉన్నది. హిందూపురం, మడకశిర, చిలమత్తూరు ప్రాంతాల నుండి ఐటీఐ, డిప్లొమా ముగించి అటువైపు పనికి వెళ్లే యువకులు ఉన్నారు. లేతు యంత్రం అంటే ఇంటి పెద్దలకు కూడా తెలుసు. "స్విచ్చి కాన్ఫిగర్ చేసే పని" అని కుమారుడు చెప్పినప్పుడు మాత్రం గోడకు బిగించిన కరెంటు స్విచ్చియే వారికి గుర్తుకు వస్తుంది.

ఇది వేరు. యంత్రాలను నడిపించే పీఎల్‌సీలు, కెమెరాలు, కొలత పరికరాలు, పర్యవేక్షకుని కంప్యూటరు పరస్పరం సమాచారం పంపుకొనేందుకు వాటి తీగలన్నీ వచ్చి చేరే పెట్టెను ఈథర్‌నెట్ స్విచ్చి అంటారు. ఈథర్‌నెట్ పద్ధతికి 1973లో అమెరికాలోని జిరాక్స్ పరిశోధన కేంద్రంలో రాబర్ట్ మెట్‌కాఫ్ రూపకల్పన చేశారు. కార్యాలయంలో వాడే స్విచ్చికి చల్లని గది కావాలి. కర్మాగారపు స్విచ్చికి సాధారణంగా ఫ్యాను ఉండదు. 24 వోల్టుల డీసీ కరెంటుతో, నూనె ఆవిరి, వేడి, అదురు తట్టుకొంటూ ప్యానెల్ లోపలి పట్టీకి తగిలించుకొని పని చేస్తుంది.

చిక్కు చిరునామాల దగ్గర మొదలవుతుంది. యంత్రాలు తయారు చేసే సంస్థ తన ప్రతి యంత్రానికీ ఒకే వరుస ఐపీ చిరునామాలు, ఉదాహరణకు 192.168.1.10 మొదలుగా, ఇచ్చి పంపడం కద్దు. అటువంటి యంత్రాలు రెండు ఒకే షెడ్డుకు వస్తే, ఒకే ఊరిలో రెండు ఇళ్లకు ఒకే నంబరు వేసినట్లవుతుంది.

వీలాన్ అనే ఏర్పాటుతో స్విచ్చి ద్వారాలను గుంపులుగా విడదీయవచ్చును. అయితే ఆ గుంపుల మధ్య దారి చూపేందుకు స్విచ్చిలో రూటింగ్ ప్రారంభించగానే, వాటన్నిటికీ ఒకే దారుల పట్టిక ఏర్పడుతుంది. అడ్డుగా నియమాలు వ్రాయకపోతే విడదీసిన గుంపులు మళ్లీ కలిసిపోతాయి. కొత్తవారు తరచు గమనించని సంగతి ఇదే.

దీనికి పరిష్కారం వర్చువల్ రూటింగ్ అండ్ ఫార్వర్డింగ్, పొట్టి పేరు వీఆర్‌ఎఫ్. ఒకే స్విచ్చి లోపల వేరు వేరు దారుల పట్టికలు ఉంచి, దానిని అనేక రూటర్లుగా పని చేయించడం దీని భావం. ఒకే తపాలా కార్యాలయంలో హిందూపురం ఉత్తరాలకు ఒక బల్ల, గౌరిబిదనూరు ఉత్తరాలకు మరొక బల్ల వేసినట్లు. రెండు ఊళ్లలోనూ 1-12 నంబరు ఇల్లున్నా ఉత్తరం తప్పిపోదు. టెలిఫోను సంస్థలు తమ ఖాతాదారులను విడివిడిగా ఉంచేందుకు పెంచిన పద్ధతి ఇది. 2006లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 4364 పత్రంలో దీని వివరం ఉన్నది. కర్మాగారపు స్విచ్చిలలో దీని తేలిక రూపమైన వీఆర్‌ఎఫ్ లైట్ కనిపిస్తుంది. ఒకే చిరునామా గల రెండు యంత్రాలనూ కార్యాలయపు కంప్యూటరు ఒకటే చూడవలసి వస్తే ఇది ఒక్కటే చాలదు. చిరునామాలను మార్చే నాట్ ఏర్పాటు కూడా కావాలి.

ఇంత విడదీత ఎందుకన్న ప్రశ్నకు తైవాన్‌లో జరిగినది సమాధానం. 2018 ఆగస్టు 3న చిప్పులు తయారు చేసే టీఎస్‌ఎంసీ సంస్థలో ఒక కొత్త యంత్రాన్ని వలయానికి కలిపారు. దానిలోని వైరస్ ఇతర యంత్రాలకు పాకి ఉత్పత్తి నిలిచిపోయింది. వీఆర్‌ఎఫ్ ఫైర్‌వాల్‌కు ప్రత్యామ్నాయం కాదు. కాని రెండు పట్టికల మధ్య దారి లేనప్పుడు, ఆ మధ్యన ఫైర్‌వాల్ అనే ఒక్క గుమ్మం దగ్గర కాపలా పెట్టడం సులభమవుతుంది.

పని చేసే వరుస ముఖ్యం. మొదట వీఆర్‌ఎఫ్‌కు పేరు పెట్టాలి. తరువాత వీలాన్‌ను సృష్టించి, దాని రూటింగ్ ద్వారాన్ని ఆ వీఆర్‌ఎఫ్‌లో చేర్చాలి. ఆ తరువాతనే ఐపీ చిరునామా ఇవ్వాలి. సిస్కో స్విచ్చిలలో ముందే చిరునామా ఇచ్చి ఆనక వీఆర్‌ఎఫ్‌లో చేర్చితే ఆ చిరునామా తొలగిపోతుంది. దూరం నుండి అదే చిరునామాపై పని చేస్తున్న ఉద్యోగి ఆ క్షణమే స్విచ్చికి బయటివాడవుతాడు. అందుచేత కన్సోల్ తీగ చేతిలో లేకుండా ఈ పనికి పూనుకోరాదు. పింగ్ చేసేటప్పుడు కూడా వీఆర్‌ఎఫ్ పేరు చెప్పాలి. చెప్పకపోతే స్విచ్చి తన సాధారణ పట్టికలో వెదికి జవాబు లేదంటుంది. తీగ చెడిందనుకొని నడుస్తున్న లైనులో ప్లగ్గులు పీకేవారు ఉంటారు. అసలు నష్టం అప్పుడు జరుగుతుంది.

పేర్లు కూడా తేటగా ఉండాలి. వీఆర్‌ఎఫ్-1, వీఆర్‌ఎఫ్-2 అనే బదులు ప్రెస్, పెయింటు, ప్యాకింగు అని పెట్టి, ఆ వివరం కాగితంపై వ్రాసి ప్యానెల్ తలుపు లోపల అంటించితే రాత్రి షిఫ్టువారికి మేలు. కన్నడం చదవగల సరిహద్దు పిల్లలు ఆ కాగితాన్ని రెండు భాషలలోనూ వ్రాయగలరు.

యంత్రాలకు దారి చూపే స్విచ్చి ఒక్కటే ఉండి అది చెడితే అన్నీ నిలుస్తాయి. వీఆర్‌ఆర్‌పీ పద్ధతిలో రెండు స్విచ్చిలు కలిసి ఒకే ఊహాచిరునామాను పంచుకొంటాయి. సర్పంచి లేనప్పుడు ఉపసర్పంచి ఆ కుర్చీలో కూర్చున్నట్లు, ప్రధాన స్విచ్చి మూగపోతే రెండవది బాధ్యత తీసుకొంటుంది. ప్రధాన స్విచ్చి సాధారణంగా సెకనుకు ఒకసారి తన ఉనికి తెలుపుతుంది. ఆ సందేశాలు మూడు రాకపోతే, అనగా సుమారు 3 నుండి 4 సెకన్లలో, మార్పు జరుగుతుంది. ప్రాధాన్య సంఖ్య విడిగా ఇవ్వకపోతే 100. ఎక్కువ సంఖ్య గలదే ప్రధానం. మిల్లీసెకన్లలో జరగవలసిన యంత్ర నియంత్రణకు ఈ సెకన్లు చాలా ఎక్కువ గనుక, ఆ సమాచారాన్ని రూటర్ దాటించక ఒకే వీలాన్‌లో ఉంచడం మంచిది.

చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ, గడియారాలు సరిచేసే ఎన్‌టీపీ, సంఘటనలు నమోదు చేసే సిస్‌లాగ్ సేవలకు కూడా ఏ వీఆర్‌ఎఫ్ ద్వారా పోవాలో చెప్పాలి. ఎన్‌టీపీని నిర్లక్ష్యం చేస్తే ఒక యంత్రం 10 గంటలకు ఆగిందని, పక్కది 10.07కు ఆగిందని నమోదవుతుంది. ఏది ముందు ఆగి రెండవదాన్ని ఆపిందో తేలక తప్పు ఆ షిఫ్టులో ఉన్న కుర్రవాడిపై పడుతుంది.

అన్నీ సరిగా ఉన్నవని చూచుకొన్న తరువాత భద్రపరచడం మిగులుతుంది. చాలా స్విచ్చిలలో మార్పులు వెంటనే అమలులోకి వచ్చినా, అవి తాత్కాలిక జ్ఞాపకంలోనే ఉంటాయి. ప్రారంభ కాన్ఫిగరేషన్‌లోకి నకలు చేయకపోతే, కరెంటు పోయి వచ్చినప్పుడు స్విచ్చి పాత ఏర్పాటుతోనే లేస్తుంది. మరొక నకలు కంప్యూటరులో తేదీ వేసి దాచి ఉంచాలి.