సురుల్ పొలాల్లో విశ్వవిద్యాలయం

విశ్వవిద్యాలయం పల్లెకు చేసిన మేలును పంచిన విత్తనాలతో, పెట్టిన శిబిరాలతో లెక్కగట్టడం మనకు అలవాటు. శ్రీనికేతన్ చరిత్ర చూస్తే ఆ లెక్క చాలదనిపిస్తుంది. తన విశ్వవిద్యాలయమైన విశ్వభారతి తరఫున టాగూర్ 1922లో శాంతినికేతన్ దగ్గరి సురుల్‌లో ఈ గ్రామ పునర్నిర్మాణ కేంద్రాన్ని నెలకొల్పాడు. ఆ ఆలోచన అప్పటికప్పుడు పుట్టింది కాదు. కొడుకు రథీంద్రనాథ్‌ను 1906లోనే వ్యవసాయం చదవమని అమెరికాలోని ఇలినాయ్‌కి పంపాడు. కేంద్రానికి తొలి సారథి ఆంగ్లేయ వ్యవసాయ నిపుణుడు లెనార్డ్ ఎల్మ్‌హర్స్ట్. అయితే మలేరియాతో మంచాన పడ్డ రైతుకు మేలురకం విత్తనం ఇచ్చి ఏం లాభం? అందుకే సాగుతోపాటు ఆరోగ్యమూ అక్కడ ముఖ్యమైన పని అయింది. క్రమంగా ఊరివాళ్లే చందాలు వేసుకుని సహకార ఆరోగ్య సంఘాలు నడుపుకున్నారు. శ్రీనికేతన్ సాధించిన అసలు ఫలితం ఆ చందాయేనని నా నమ్మకం. దానమిచ్చిన మందు అయిపోతుంది, సొంత సంఘం నడిపిన అనుభవం ఊళ్లోనే ఉండిపోతుంది.

శ్రీనికేతన్ చాలావరకు అమెరికా సంపన్నురాలు డొరొతీ స్ట్రెయిట్ డబ్బుతో నడిచిందని, అందింది కొద్ది ఊళ్లకేనని విమర్శ ఉంది. రెండూ నిజమే. కానీ ఒకటి రెండు ఊళ్లను నిస్సహాయత నుంచి విడిపించగలిగినా చాలునని టాగూరే రాశాడు. ఆయన కోరింది విస్తృతి కాదు, నమూనా. భూమి ఎవరిదన్న ప్రశ్నను మాత్రం శ్రీనికేతన్ కదిలించలేకపోయింది. దానికి ఏ సమర్థనా సరిపోదు.