గుట్టకు దారి ఎవరిది? గుంతకల్లు పరిసరాల్లో కొండ ప్రవేశ హక్కు

గుంతకల్లు చుట్టుపక్కల గుట్ట ఎక్కాలనుకునేవారికి చట్టపరమైన చిక్కు శిఖరం దగ్గర రాదు, గుట్ట పాదం దగ్గరే వస్తుంది. పైనున్న బండలు చాలావరకు ప్రభుత్వ ఖాతాలోవి, చుట్టూ ఉన్నవి పట్టా పొలాలు. దీని మూలాలు దత్తమండలాల చరిత్రలో ఉన్నాయి. 1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి వదులుకున్నాక, 1807 దాకా ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో ఇక్కడ రైత్వారీకి పునాది వేశాడు. సాగుభూమికి శిస్తు కట్టి రైతు పేరున రాశారు. నాగలి దిగని రాతిగుట్టలు సర్కారుకు మిగిలి, గ్రామ లెక్కల్లో కొండ పోరంబోకుగా స్థిరపడ్డాయి.

అమెరికాలోని కొలరాడోలో పరిస్థితి ఇందుకు విరుద్ధం. గని హక్కుల కింద అక్కడ కొన్ని శిఖరాలే ప్రైవేటు ఆస్తులయ్యాయి. 2023లో మౌంట్ డెమొక్రాట్ శిఖర భూమిని ఒక పరిరక్షణ సంస్థ కొని అటవీ శాఖకు అప్పగించాకే ఆ చిక్కు తీరింది. మనకు కొండను కొనాల్సిన పని లేదు. కావలసింది కొండదాకా నాలుగు గజాల వెడల్పు బాట.

గుత్తి కోట సంగతి వేరు. మురారిరావు ఘోర్పడే ఏలిన ఆ కొండ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం 18వ సెక్షన్, నిబంధనలకు లోబడి, రక్షిత కట్టడంలోకి వెళ్లే హక్కును ప్రజలకు స్పష్టంగా ఇచ్చింది. అశోకుని శాసనాలున్న ఎర్రగుడి కొండకూ ఇదే రక్షణ. కానీ ఈ సీమలో మేతకూ మొక్కుకూ జనం ఎక్కే గుట్టల్లో ఎక్కువ భాగం ఏ రక్షిత జాబితాలోనూ లేవు. వాటికి దిక్కు సాధారణ ఆస్తి చట్టమే.

ఆ చట్టం 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం. మద్రాసు ప్రెసిడెన్సీలో భాగంగా అనంతపురానికి అది మొదటినుంచీ వర్తించింది. 15వ సెక్షన్ ప్రకారం, దారిని తన హక్కుగా, బహిరంగంగా, ఎవరూ ఆపకుండా 20 ఏళ్లు వాడుకుంటే ఆ హక్కు స్థిరపడుతుంది. చాలామంది వాదన ఇక్కడే ఆగిపోతుంది. కానీ 4వ సెక్షన్ నిర్వచనం చూడాలి: ఈజ్‌మెంట్ ఒక భూమి అనుభవం కోసం మరో భూమిపై ఉండే హక్కు. గుట్ట పక్కన సెంటు భూమి లేని గొర్రెల కాపరికి, పై గుడికి వెళ్లే భక్తురాలికి, సరదాగా కొండెక్కే కుర్రవాడికి ఆ నిర్వచనంలో చోటు లేదు. వారికి ఆధారం 2వ సెక్షన్. సొంత భూమితో నిమిత్తం లేకుండా ప్రజలకు ఆచారం వల్ల సంక్రమించిన హక్కులకు ఈ చట్టం భంగం కలిగించదని అది చెబుతుంది. కొండదారి వ్యాజ్యాన్ని ఈ పునాది మీదే నిలపాలని నా అభిప్రాయం.

అయితే ఆచారాన్ని రుజువు చేయడం తేలిక కాదు. ఈ మెట్టసీమలో వేరుశనగ పీకేశాక చేను ఖాళీ. ఎరువు కోసం రైతే మందలు పిలిపించి పొలంలో నిలిపేవాడు. జనం ఆ చేల మీదుగా నడిచేవారు. కోర్టులో ప్రతివాది చూపేది ఇదే: అది హక్కు కాదు, మంచితనంతో ఇచ్చిన అనుమతి. అనుమతిని, కొన్ని మినహాయింపులతో, ఇచ్చినవాడు ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చని 60వ సెక్షన్ అంటుంది. బోరు పడి, చేను చీనీ తోటగా మారితే రద్దు మాటల్లో చెప్పాల్సిన పనే ఉండదు. గట్టు మీద రాతికూసాలు లేస్తాయి, ముళ్లతీగ బిగుస్తుంది, పాత సందులో కంప పడుతుంది. లోపల డ్రిప్పు పైపులు చెట్టు చెట్టుకూ పాకి ఉంటాయి. మంద ఒక్కసారి తొక్కితే వరస మొత్తం ఎండుతుంది. అప్పు చేసి తోట పెట్టిన రైతు భయాన్ని దురాశ అనడం అన్యాయం.

ఇంగ్లండ్, వేల్స్‌లలో 2000లో వచ్చిన చట్టం కొండలు, బయళ్ల మీద నడిచే హక్కు ఇచ్చిందని మనవారు ఉదహరిస్తుంటారు. దున్నిన పొలాన్ని అది మినహాయించింది. మన తగవంతా దున్నిన పొలంలోనే.

కాబట్టి ముందు వెతకాల్సింది రికార్డుల్లో. 1905 నాటి భూ ఆక్రమణల చట్టం ప్రజా బాటలను ప్రభుత్వ ఆస్తిగా, జనం నడక హక్కులకు లోబడి ప్రకటించింది. పాత ఎఫ్‌ఎంబీలో (పొలాల కొలతల పుస్తకంలో), గ్రామ పటంలో రస్తా గుర్తు కనిపిస్తే కంచె వేసినవారే ఆక్రమణదారులు. రాష్ట్రంలో 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వే లాంటి సందర్భాల్లో ఊరివాళ్లు నోరు విప్పాలి. నోటిమాటగా మిగిలిన బాట కొత్త పటాలకు ఎక్కదు. గుర్తు లేనిచోట సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 1 రూల్ 8 కింద ఊరందరి తరఫున కొందరు దావా వేయవచ్చు. అంతకంటే మేలు, రైతుకు పరిహారమిచ్చి గట్టు వెంట దారి రాయించుకుని రిజిస్టరు చేయడం. ఆ పత్రంలో గొర్రెలు, మేకల మాట విడిగా ఉండాలి. ఒక రకం దారి హక్కులో మరో రకం దారి హక్కు ఇమిడి ఉండదని ఈజ్‌మెంట్ల చట్టం 28వ సెక్షన్ నియమం. మనుషుల నడక ఒక్కటే రాస్తే, కొండమేత మీద బతికే కాపరి ఆ దారి మొదట్లోనే నిలిచిపోతాడు.