లక్క ముద్ద, రెసిన్ సీసా



పాండవుల్ని కాల్చి చంపడానికి కట్టించిన ఇంటిని మనం లక్క ఇల్లు అంటాం. మా బడిలో కన్నడం తరగతి పిల్లలు దాన్నే ‘అరగిన మనె’ అంటారు. ఎల్ల దాటి హోసూరు వైపు పోతే అది ‘అరక్కు మాళిగై’. పేర్లు మూడు, సరుకు ఒకటే. వేడి తగిలితే కరుగుతుంది, చల్లారితే గట్టిపడుతుంది, నిప్పు సోకితే భగ్గుమంటుంది. ఈ పూట ఆ లక్క గురించీ, దాని చోటులోకి వచ్చిన ఎపాక్సీ రెసిన్ గురించీ నాలుగు మాటలు చెబుతాను. చెప్పడానికి కారణం కూడా ఉంది.

మా బడి ప్రదర్శన కోసం ఎనిమిదో తరగతి పిల్లలు ఎండిన పూలను రెసిన్‌లో పోత పోయాలని ముచ్చట పడ్డారు. నేనే రెండు సీసాలు తెచ్చాను. ఒకటి రెసిన్, రెండోది దాన్ని గట్టిపరిచే ద్రవం. సీసాతో వచ్చిన కాగితం చదవలేదు. అంతా ఒకే ప్లాస్టిక్ గ్లాసులో కలిపించాను. పది నిమిషాల్లో గ్లాసు చేత్తో పట్టుకోలేనంత కాలింది, పొగ లేచింది, అడుగు మెత్తబడి వంగిపోయింది. ఒట్టి చేతులతో కలిపిన అమ్మాయికి మణికట్టు మీద దద్దుర్లు వచ్చాయి. తప్పు ఎవరిదో వేరే చెప్పాలా? మర్నాడు ఆ అమ్మాయే, “మేష్ట్రే, ఇది లేని కాలంలో ఏం వాడేవాళ్ళు?” అని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ పోయాను.

లక్క ఒక చిన్న పురుగు ఇచ్చే సొత్తు. మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మల మీద చేరి, రసం పీల్చి, ఒంటి చుట్టూ జిగురు కట్టుకుంటుంది. ఆ కొమ్మలు విరిచి, జిగురు గీకి, కడిగి, కరిగిస్తే లక్క. బెంగళూరు నుంచి మైసూరు పోయే దారిలో చన్నపట్నం వస్తుంది కదా, అక్కడ బొమ్మలకు వాడే కర్రను ‘హాలె మర’ అంటారు. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అదే అంకుడు కర్ర. రెండు చోట్లా పని తీరు ఒకటే. చిత్రిక యంత్రం మీద గిర్రున తిరిగే కర్రకు రంగు లక్క కడ్డీ ఒత్తి పట్టుకుంటారు. రాపిడికి పుట్టిన వేడికే లక్క కరిగి కర్రను అంటుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది. ఏటికొప్పాకలో చెట్ల రంగుల్ని మళ్ళీ వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ప్రకటించారు. ఒడిశాలో బాలేశ్వరం వైపు మట్టిబొమ్మలకు లక్క పూసి ‘జౌ కండెయి’ చేస్తారు. జౌ అంటే లక్కే.

పోత పని సంగతి వేరు. కల్యాణి చాళుక్యరాజు మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో రాసిన మానసోల్లాసంలో మైనంతో విగ్రహం చేసి, మట్టి కప్పి, మైనం కరిగించి తీసేసి, ఆ ఖాళీలో లోహం పోసే పద్ధతి ఉంది. కుంభకోణం దగ్గర స్వామిమలై శిల్పులది నేటికీ ఆ పద్ధతే. వాళ్ళు మైనంలో గుగ్గిలం కలుపుతారు, మైనం గట్టిగా నిలవడానికి. అక్కడ చెట్టు జిగురు రూపం ఇచ్చి తాను కరిగి పోతుంది. మన రెసిన్ పోతలో జిగురే రూపమై నిలుస్తుంది.

గ్రామఫోను కాలపు పాటలు కూడా లక్క మీదే నడిచాయి. వినైల్ రాకముందు రికార్డులకు జిగురుగా వాడింది శుద్ధి చేసిన లక్కనే. విద్యుత్ పనులకూ అదే కావలసి వచ్చేసరికి గిరాకీ పెరిగింది. దానికి బదులు వెతుకుతూనే అమెరికాలో బేక్‌లాండ్ 1907లో బేకలైటు చేశాడు. తర్వాత స్విట్జర్లాండులో పియేర్ కాస్టాన్ కట్టుడు పళ్ళ పని కోసం ఎపాక్సీ తయారు చేశాడు. అమెరికాలో గ్రీన్లీ రంగుల పరిశ్రమ కోసం అదే దారి పట్టాడు. 1946లో సీబా సంస్థ అరాల్డైట్ పేరుతో బజారుకు తెచ్చింది. విరిగిన కప్పు చెవి అతికించే ఆ రెండు ట్యూబులు మీకు తెలిసినవే.

లక్కకూ దీనికీ అసలు తేడా ఇదీ: లక్కను మళ్ళీ కరిగించవచ్చు. ఎపాక్సీ రెండు ద్రవాలు ఒకదానితో ఒకటి ముడిపడి బిగుసుకుంటాయి, ఆ ముడి మళ్ళీ విడదు. ముడిపడేటప్పుడే వేడి పుడుతుంది. ఇరుకు గ్లాసులో ఎక్కువ ఉంటే ఆ వేడి బయటికి పోలేదు, వేడికి పని ఇంకా వేగమవుతుంది. మా గ్లాసు కథ అదే.

కనుక కొనేటప్పుడు ముందు అడగవలసింది ధర కాదు, ఒక్కసారి ఎంత మందం పోయవచ్చు అన్నది. పైపూతకు చేసిన రెసిన్ చిక్కగా ఉంటుంది, త్వరగా బిగుస్తుంది, పలచని పొరకే పనికొస్తుంది. పోతకు చేసినది పలచగా ఉండి నిదానంగా గట్టిపడుతుంది, బుడగలు పైకి వచ్చే వ్యవధి ఇస్తుంది. మేము తెచ్చింది మొదటి రకం. కొలత బరువు లెక్కా, పరిమాణం లెక్కా అన్నది కాగితం మీద ఉంటుంది. త్వరగా గట్టిపడాలని రెండోది ఎక్కువ పోస్తే ముద్ద జిగటగానే మిగిలిపోతుంది. ఎండ తగిలే చోట పెడితే కాలక్రమాన పసుపెక్కుతుంది. చేతికి తొడుగులు, గదికి గాలి తప్పవు. ఒకసారి ఒంటికి పడకపోతే తర్వాత కొంచెం తగిలినా దద్దుర్లు వస్తాయి. ఆ అమ్మాయిని అందుకే ఇప్పుడు ఆ పనికి దూరంగా ఉంచాను.

నీటికి, వేడికి లక్క ఓర్చుకోదు. ఎపాక్సీ ఓర్చుకుంటుంది, ఆ మాట ఒప్పుకోవాలి. అయినా మొన్న ఆమె తమ్ముడి చన్నపట్నం బొంగరం మీద పెచ్చు లేచిపోతే, లక్క కడ్డీని వెచ్చజేసి అద్ది, ఆకుతో రుద్ది సరిచేసి తెచ్చింది. ఆ రోజు పూలు పక్కకు ఒరిగిన మా రెసిన్ పలకను సరిచేసే దారి మాత్రం ఇద్దరికీ దొరకలేదు. అది వంగిన గ్లాసు పక్కన బీరువాలోనే ఉంది.