దేవనకొండ ప్రాంతవాసులకు విమానయానం : దూరం, ప్రయాణ కాలం

కర్నూలు జిల్లా పశ్చిమ ప్రాంతంలోని దేవనకొండ, ఆదోని, ఎమ్మిగనూరు ప్రజలకు సొంత జిల్లాలో అందుబాటులో ఉన్న విమానాశ్రయం ఓర్వకల్లు. 2017లో శంకుస్థాపన జరిగిన ఈ విమానాశ్రయం నుండి 2021 మార్చి 28న ప్రయాణికుల విమానాలు ప్రారంభమైనవి. ఆంగ్లేయులపై తిరుగుబాటు చేసి 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీయబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరును దీనికి పెట్టడం జరిగింది. రన్‌వే పొడవు 2,000 మీటర్లు. ఉడాన్ పథకం క్రింద తొలుత బెంగళూరు, చెన్నై, విశాఖపట్నంలకు, 2025 జులై 2 నుండి విజయవాడకు సర్వీసులు ప్రారంభమైనవి.

ఆకాశమార్గ దూరం

రెండు విమానాశ్రయాల మధ్య భూగోళంపై గల అతి తక్కువ దూరాన్ని ఆకాశమార్గ దూరంగా లెక్కిస్తారు. విమానయానంలో దీనిని నాటికల్ మైళ్లలో చెబుతారు. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లకు సమానం. ఓర్వకల్లు నుండి ఈ దూరాలు సుమారుగా ఇలా ఉన్నాయి.

బెంగళూరు : 285 కి.మీ.
విజయవాడ : 295 కి.మీ.
చెన్నై : 370 కి.మీ.
విశాఖపట్నం : 585 కి.మీ.

ఈ మార్గాలలో ప్రవేశపెట్టిన ఏటీఆర్-72 విమానం గంటకు సుమారు 500 కిలోమీటర్ల వేగంతో పయనిస్తుంది. అయితే దూరాన్ని వేగంతో భాగించగా వచ్చే సమయం టికెట్టుపై కనిపించదు. రన్‌వే వరకు నడవడం, పైకి లేవడం, దిగడం, ఎదురుగాలి వంటి వాటికి అదనపు సమయం కలుపుతారు. అందువలన బెంగళూరుకు గంటకు పైగా, విశాఖపట్నానికి దాదాపు రెండు గంటలు పడుతుంది.

ఇంటి నుండి గమ్యం వరకు

దేవనకొండ నుండి కర్నూలు మీదుగా ఓర్వకల్లు చేరడానికి రోడ్డు మార్గాన సుమారు 90 కిలోమీటర్లు, అనగా రెండు గంటల ప్రయాణం. తనిఖీల నిమిత్తం గంటన్నర ముందుగా చేరవలసి ఉంటుంది. బెంగళూరు విమానాశ్రయం దేవనహళ్లి వద్ద ఉన్నందున నగరంలోకి వెళ్లడానికి మరో గంటన్నర కావాలి. ఇవన్నీ కలిపిన మొత్తం ఆరు గంటలు దాటుతుంది. పత్తికొండ, గుత్తి, అనంతపురం మీదుగా కారులో సుమారు 320 కిలోమీటర్లు వెళ్లినా దాదాపు అంతే సమయం పడుతుంది. కనుక బెంగళూరుకు పనులకు వెళ్లే కుటుంబాలకు విమానం వలన ఖర్చు పెరుగుతుందే తప్ప కాలం కలిసిరాదు.

విశాఖపట్నం విషయంలో పరిస్థితి భిన్నం. రోడ్డున సుమారు 750 కిలోమీటర్ల ఈ ప్రయాణానికి ఒక పగలో, ఒక రాత్రో గడిచిపోతుంది. విమానంలో ఇంటి నుండి నగరం చేరే వరకు ఆరు గంటలు సరిపోతుంది. వైద్యం, ఉద్యోగ పరీక్షలు, ఇంటర్వ్యూల కోసం వెళ్లేవారికి ఒక పూట ఆదా కావడం చిన్న విషయం కాదు.

సర్వీసులు నడిచే రోజులు, వేళలు మారుతుంటాయి. ప్రతి మార్గంలోనూ నిత్యం విమానం ఉండదు. కావున ప్రయాణికులు టికెట్టు ధరను మాత్రమే కాక తిరుగు ప్రయాణపు రోజును, ఓర్వకల్లు వరకు వాహన సౌకర్యాన్ని ముందుగా నిర్ధారించుకొని బయలుదేరవలసి ఉంటుంది.